వీణ మెట్లు: హంపి నుండి బొబ్బిలి దాక

సంగీత చరిత్ర వ్రాయు పండితులు వాగ్గేయకారులను వర్ణింతురు, గాయకులను ప్రశంసింతురు, వారిని పోషించిన ప్రభువులను కీర్తింతురు. వాద్యమును చేసిన వడ్రంగి పేరు మాత్రము ఆ గ్రంథములలో సాధారణముగా కానరాదు. అయినను వాద్యము తనంత తాను పుట్టునది కాదు. వాయించువాడు తన వ్రేలికి తోచిన కొరతను చెప్పును. శాస్త్రజ్ఞుడు స్వరముల లెక్క చెప్పును. చేయువాడు కొయ్య దేనికి ఒప్పునో, దేనికి ఒప్పదో చెప్పును. ఈ మువ్వురి మాటలు కలిసిన చోట వాద్యము రూపు దిద్దుకొనును. గిటారు విషయమున ఇది ఎంత నిజమో వీణ విషయమునను అంత నిజము. వీణ మెట్లను గూర్చి అట్టి సంభాషణము గ్రంథమునకెక్కిన స్థలములలో ముఖ్యమైనది మన తోరణగల్లునకు గంటసేపటి ప్రయాణములోనే యున్నది. ఈ సంగతి మన పిల్లలకు తెలియవలెనను కోరికతో ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

తోరణగల్లు బళ్లారికిని హొసపేటకును నడుమ నున్న రైలు స్టేషను, సండూరు తాలూకాలోనిది. 1994లో స్థాపితమైన జిందాల్ విజయనగర ఉక్కు సంస్థ ఇచ్చట కర్మాగారమును నిర్మించిన పిదప దీని పేరు దేశమంతట వినవచ్చినది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము అవతరించినపుడు పాత బళ్లారి జిల్లా విభక్తమై ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్లారి, హొసపేట మున్నగునవి మైసూరు రాష్ట్రమునకును చెందినవి. నాటి నుండి ఇచ్చటి తెలుగు కుటుంబములు ఇంట తెలుగును వీథిలో కన్నడమును పలుకుచు కాపురములు చేయుచున్నవి. 2021లో హొసపేట ముఖ్యపట్టణముగా విజయనగర జిల్లా వేరుపడగా హంపి ఆ జిల్లాలో చేరినది. జిల్లాలు మారినవి, రాష్ట్రములు మారినవి. మనము చెప్పబోవు కథ ఈ ఎల్లలకన్న పాతది, రెండు భాషలవారిదియును.

హంపిలోని విఠ్ఠలాలయమును చూడనివారు మనలో అరుదు. అందలి రంగమంటపమున పెద్ద కంబములను చుట్టి సన్నని చిరుకంబములు నిలిచియున్నవి. పెద్ద కంబమును దాని చిరుకంబములును ఒకే రాతి నుండి మలచినవి. వానిని మెల్లగా తట్టినచో స్వరము పలుకును గనుక ప్రజలు వానిని సరిగమ కంబములందురు. దెబ్బలకు చెడుచున్నవని నేడు వానిని తట్టుట నిషిద్ధమైనది. రాతియందు నాదము వినిపింపవలెనన్న కంబము ఎంత సన్నము కావలెనో, ఎంత పొడవు ఉండవలెనో, ఏ రాయి పలుకునో, ఏది మూగదో శిల్పి ఎరిగియుండవలెను. అట్టి చెవియు అట్టి చేయియు గల పనివారు ఆ నగరమున నుండిరనుటకు ఆ మంటపమే సాక్ష్యము. వారి పేళ్లు మాత్రము మనకు దక్కలేదు.

ఆ నగరముననే 1550వ సంవత్సరమున రామామాత్యుడు ‘స్వరమేళకళానిధి’ యను సంస్కృత గ్రంథమును ముగించెను. అప్పుడు సింహాసనమున నున్నవాడు సదాశివరాయలు; రాజ్యభారము వహించినవాడు అళియ రామరాయలు. సంగీతమున లక్ష్యమునకును లక్షణమునకును, అనగా వాడుకకును శాస్త్రమునకును, పొత్తు కుదురక వివాదములు పెరిగినవనియు, వానిని తీర్చుటకై రామరాయల ప్రేరణచే ఈ గ్రంథము వెలసినదనియు దాని అవతారిక వలన తెలియును. రామామాత్యుడు తిమ్మామాత్యుని కుమారుడు. సంగీతరత్నాకరమునకు ‘కళానిధి’ యను వ్యాఖ్య వ్రాసిన కల్లినాథునితో ఈతనికి బంధుత్వము కలదు. శాసనములలో కొండవీటి సీమ పాలకుడుగా కానవచ్చు బయకార రామప్ప ఈతడేయని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. గ్రంథము ఐదు ప్రకరణములు. అందొకటి వీణా ప్రకరణము. స్వరములను మాటలతో నిర్వచించి ఊరకుండక, ఏ తీగ క్రింద ఏ మెట్టును ఎచ్చట నిలుపవలెనో చెప్పుట ఈ ప్రకరణము విశేషము.

ఆతడు చెప్పిన వీణలు మూడు: శుద్ధమేళ వీణ, మధ్యమేళ వీణ, అచ్యుతరాజేంద్రమేళ వీణ. మూడవదాని పేరు 1529 మొదలు 1542 వరకు ఏలిన అచ్యుతదేవరాయలను స్మరింపజేయును. వీనిలో మరల రెండు విధములు కలవు. ఒక రాగమునకు కావలసిన మెట్లు మాత్రమే కలది ఏకరాగమేళ వీణ. అన్ని రాగములకును చాలునట్లు అన్ని మెట్లును నిలిపినది సర్వరాగమేళ వీణ. మొదటిదానిపై వేరొక రాగము వాయింపవలెనన్న మెట్లను కదల్చవలెను. రెండవదానిపై మెట్లు కదలవు. వ్రేలు కదలిన చాలును. నేడు మన ఇండ్లలోని వీణ ఈ రెండవ జాతికి చెందినది.

ఈ ఏర్పాటు ఎంత నేర్పుతో కూడినదో తెలియుటకు ఒక ఉదాహరణము చాలును. శుద్ధమేళ వీణకు వాయించు తీగలు నాలుగు. అవి వరుసగా అనుమంద్ర షడ్జము, అనుమంద్ర పంచమము, మంద్ర షడ్జము, మంద్ర మధ్యమము పలుకును. షడ్జపు తీగ క్రింద మెట్లు ఆరు: శుద్ధ ఋషభము, శుద్ధ గాంధారము, సాధారణ గాంధారము, చ్యుతమధ్యమ గాంధారము, శుద్ధ మధ్యమము, చ్యుతపంచమ మధ్యమము. ఏడవ స్థానము పంచమము. దానిని ప్రక్క తీగయే పలుకుచున్నది గనుక వేరు మెట్టుతో పని లేదు. ఇక రెండవ మెట్టును చూడుడు. అది షడ్జపు తీగపై శుద్ధ గాంధారమును, పంచమపు తీగపై శుద్ధ నిషాదమును, మధ్యమపు తీగపై పంచమమును పలుకవలెను. (నాటి శుద్ధ గాంధారమునే నేడు మనము చతుశ్శ్రుతి ఋషభమందుము.) ఒక్క మెట్టు నాలుగు తీగలకు సమాధానము చెప్పవలెనన్న మాట. ఒక తీగకై ఆ మెట్టును నువ్వుగింజంత జరిపినను తక్కిన మూడును అడ్డు చెప్పును. ఇది పుస్తకము ముందర కూర్చుండి తేల్చుకొనదగిన విషయము కాదు. వీణ ఒడిలో నుండవలెను; ప్రక్కన మెట్లు నిలుపువాడును ఉండవలెను.

ఆ ప్రక్కనున్నవాని మాట గ్రంథములో ఒకచోట వినవచ్చుచున్నదని మా అభిప్రాయము. శాస్త్రప్రకారము అంతర గాంధారమును చ్యుతమధ్యమ గాంధారమును వేర్వేరు స్వరములు. అట్లే కాకలి నిషాదమును చ్యుతషడ్జ నిషాదమును. కాని వీణపై రెండేసి మెట్లు పెట్టినచో అవి ఒకదాని నొకటి ఒరసికొనునంత దగ్గరగును. అందుచేత రామామాత్యుడు ఒక మెట్టునే రెండవదానికి ప్రతినిధిగా అంగీకరించెను. ఫలముగా స్థాయి యొక్కటికి మెట్లు పండ్రెండు తేలినవి. తరువాతి శతాబ్దమున ‘చతుర్దండిప్రకాశిక’ వ్రాసిన వేంకటమఖి రామామాత్యుని మతమును కఠినముగా విమర్శించెను. విమర్శ శాస్త్రదృష్టితో ఎట్లున్నను, కొయ్యకును వ్రేలికిని ఒప్పిన మార్గము పండ్రెండు మెట్లదే. శాస్త్రము చేతిపని మాట వినిన ఘట్టములలో ఇది యొకటి.

ఇదే ప్రశ్న ఆ కాలముననే భూగోళపు ఆవలి వైపునను చర్చకు వచ్చినది. ఇటలీ దేశమున విన్సెంజో గెలీలీ యను వాద్యకుడు 1581లో ప్రకటించిన సంగీత గ్రంథమున ల్యూట్ వాద్యపు మెట్లకు ఒక సూత్రము చెప్పెను. ఈతడు ఖగోళశాస్త్రజ్ఞుడైన గెలీలియో తండ్రి. ల్యూట్ గిటారునకు దగ్గరి చుట్టము. సూత్రమిది: తీగ పొడవును పదునెనిమిది భాగములు చేసి ఒక భాగము విడిచి మొదటి మెట్టు పెట్టుము, మిగిలిన పొడవును మరల పదునెనిమిది చేసి రెండవ మెట్టు పెట్టుము. తీగ 90 సెంటీమీటర్లయినచో మొదటి మెట్టు 5 సెంటీమీటర్ల మీద పడును. ఇట్లు పండ్రెండు మెట్లు పెట్టినపుడు తారస్థాయి షడ్జము సరిగా సగమున, అనగా 45 సెంటీమీటర్లు మిగులునట్లు, రావలెను. సూత్రము ప్రకారము 45.3 మిగులును. మూడు మిల్లీమీటర్ల తేడా. పనివాని చెవి ఆ తేడాను సరిదిద్దుకొనెడిది. తరువాత గణితము మరింత సూక్ష్మమై నేటి గిటారునకు పదునెనిమిదికి బదులు 17.817 వాడుచున్నారు. అచ్చట కొలబద్ద ముందు నడిచినది, చెవి వెనుక నడిచినది. మన వైపున చెవియే ముందు నడిచినది. రెండు త్రోవలును పండ్రెండు మెట్లకే చేరినవి.

1565 జనవరిలో జరిగిన రక్కసతంగడి యుద్ధమున రామరాయలు మడిసెను. నగరము పాడుపడినది. విద్వాంసులును పనివారును పెనుగొండకు, తంజావూరునకు, ఇతర ఆస్థానములకు తరలిపోయిరి. తంజావూరిని 1600 మొదలు 1634 వరకు ఏలిన రఘునాథ నాయకుడు తెలుగున ‘వాల్మీకి చరిత్రము’ రచించిన కవి, స్వయముగా వైణికుడు. ఆయన మంత్రియైన గోవింద దీక్షితుడు కన్నడ బ్రాహ్మణుడు; వేంకటమఖి ఈ దీక్షితుని కుమారుడే. స్థాయికి పండ్రెండు చొప్పున రెండు స్థాయిలకు ఇరువదినాలుగు మెట్లు గల నేటి వీణ రఘునాథుని కాలమున స్థిరపడినదని సంప్రదాయము. తెలుగు ప్రభువును కన్నడ మంత్రియు అరవ దేశమున కూడి దిద్దిన వాద్యమును ఇది ఫలానివారిదని ఏ ఒక్కరును చెప్పుకొనజాలరు. సరిహద్దున బ్రతుకు మనకు ఈ సంగతి ఇతరులకన్న సులభముగా బోధపడును.

తెలుగు దేశమున వీణ చేయు ఊళ్లలో పేరెన్నికగన్నది బొబ్బిలి. 1757లో బుస్సీ సేనలతో జరిగిన యుద్ధమువలన ఆ పేరు కథలకెక్కినది, వీణవలన ఇండ్లకెక్కినది. బొబ్బిలి దాపుననున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు తరతరములుగా వీణలు చేయుచున్నారు. పనస కొయ్య వారికి ప్రధానము. కుండ, దండి, యాళిముఖము అన్నియు ఒకే మ్రానున మలచిన దానిని ఏకాండి వీణ యందురు. కుండ గోడ మందమైనచో నాదము లోననే అణగిపోవును. మరీ పలుచనైనచో కొయ్య పగులును. రెంటికిని నడుమ నుండు ఆ హద్దును పనివాడు వ్రేలితో తట్టి తెలిసికొనును. హంపి శిల్పికి రాయి చెప్పిన మాటయే ఇచ్చట పనసమ్రాను చెప్పుచున్నది. నూజివీడును వీణలకు ప్రసిద్ధమే. బొబ్బిలి వీణకు ప్రభుత్వమువారి భౌగోళిక సూచిక లభించినది. పనివారి వంశనామము పత్రికలలోనికి వచ్చినది. హంపి పనివారికి దక్కని భాగ్యము ఇది.

కొయ్యపని ముగిసినను వీణ ఇంకను మూగయే. దండికి ఇరువైపుల మైనపు కట్టలు పోసి, వానిపై కంచు మెట్లను ఒక్కొక్కటిగా నిలుపవలెను. మైనము మసిపొడితో కలిసి నల్లగా నుండును. ఈ పనికి మేళము కట్టుట యని పేరు. రామామాత్యుని గ్రంథనామమునందలి ‘మేళ’ శబ్దము నేటికిని పనివాని నోట బ్రతికియుండుట గమనింపదగినది. మేళము కట్టువాడు కొలబద్దను నమ్ముకొనడు. తీగను మీటి, వినును. మెట్టును కొంచెము జరపి, మరల వినును. వైణికుడు వీణను మరల తెచ్చి, “అయ్యా, ఈ మెట్టు కొంచెము ఎక్కుచున్నది” అనును. పనివాడు మైనమును వేడిచేసి దించును. నాలుగు వందల యేండ్లకు పైబడి ఈ మాటలు నడుచుచునే యున్నవి. గిటారు మెట్టు కొయ్యలో దిగగొట్టినది. ఒకసారి దిగిన దానిని కదల్పరాదు. వీణ మెట్టు మైనముపై నిలిచినది, ఎన్నిసార్లయినను దిద్దుకొనవచ్చును. లోపమని కొందరు తలచు ఈ మైనమే వాయించువానికిని చేయువానికిని నడుమ వాకిలిని మూయక నిలిపినది.

స్వరమును కదలనీయని వాద్యముతో మన బళ్లారికి పరిచయము లేకపోలేదు. ‘చిత్రనళీయము’ వంటి నాటకములతో ధర్మవరము రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభను నడిపిన ఊరు, కోలాచలము శ్రీనివాసరావు సుమనోరమ సభను నెలకొల్పిన ఊరు, బళ్లారి రాఘవ నటించిన ఊరు ఇది. మువ్వురును న్యాయవాదులే యగుట విశేషము. ఆ తరువాత తెలుగు పద్యనాటకమునకు హార్మోనియము ప్రాణమైనది. దాని స్వరము బిగుసుకొని యుండును, గమకము పలుకదు అను కారణమున ఆలిండియా రేడియో 1940లో దానిని బహిష్కరించినది; 1970ల ఆరంభము దాక సడలింపలేదు. నాటకశాలలో మాత్రము పద్యము చదువు నటునికి దాని అండ తప్పలేదు. వాద్యము మంచిదా చెడ్డదా అను ప్రశ్నకు ఒకే సమాధానము లేదు. దానిని ఏ పనికి పిలిచినామనునదే ప్రశ్న.

గిటారు విషయముననే చూడుడు. ఇంగ్లండున జన్మించిన జాన్ మెక్లాఫ్లిన్ అను గిటారు విద్వాంసుడు అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయమున ఎస్. రామనాథన్ వద్ద వీణ నేర్చెను. వీణపై మెట్టు ఎత్తుగా నుండుటచేత వ్రేలు దండిని తాకదు. తీగను ప్రక్కకు లాగి ఒకే మెట్టుపై పలు స్వరములు పలికింపవచ్చును. గిటారు మెట్లు పొట్టివి. వ్రేలు పలకకు తగిలి ఆగిపోవును. 1970ల మధ్యమున ఏబ్రహాం వెక్టర్ అను పనివాడు గిబ్సన్ సంస్థ పక్షమున ఆయనకొక గిటారు చేసి, మెట్ల నడుమ కొయ్యను గుల్లగా చెక్కి, ఏడు అనుధ్వని తీగలను అమర్చెను. 1975లో ఏర్పడిన ‘శక్తి’ బృందమున ఆ గిటారు కర్ణాటక గమకములకు దారి తీసినది. వీణ నేర్పిన పాఠమును కొయ్యలో వ్రాసిన పనివాని పేరు ఇచ్చట మనకు తెలిసినది.

ఆ బృందము మరల కూడినపుడు అందు చేరినవాడు మన పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్. మాండొలిన్‌నకు సహజముగా నాలుగు జంటల తీగలుండును. జంట తీగలను ఒక్క వ్రేలితో లాగిన రెండును ఒకే స్వరమున నిలువవు. ఇట్లయిన గమకము చెడును. శ్రీనివాస్ జంటలను విడిచి ఒంటి తీగలను, అవియు ఐదింటిని, గల విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టెను. గురువైన రుద్రరాజు సుబ్బరాజు మాండొలిన్ వాయింపరు. ఆయన పాడగా శిష్యుడు వాద్యమున పలికించెడివాడు. గొంతు ఏమి కోరినదో దానికి తగినట్లు వాద్యము మారినది. 1998లో పద్మశ్రీ పొందిన ఆయన 2014 సెప్టెంబరులో, నలుబదియైదేండ్లకే, అస్తమించెను. బెంగుళూరిలో వేణువాద్యకుడును ఇంజనీరును అయిన జి. రాజ్ నారాయణ్ 1970ల చివర విద్యుత్ తంబురాను నిర్మించుటయు ఇట్టిదే. అచ్చట వాయించువాడును చేయువాడును ఒక్కడే యగుటచే సంభాషణము ఒకే మనస్సున జరిగినది.

ఇక మన ఇండ్లను చూచుకొందము. ఈ సీమలో అమ్మమ్మల నాటి వీణ గుడ్డ కప్పుకొని మూలనున్న ఇండ్లు కొన్ని కలవు. బళ్లారి ఎండకు మైనము మెత్తబడి మెట్లు ఒరుగును. పొడిగాలికి కొయ్య విచ్చును. మేళము కట్టువారు దాపున లేరు. బొబ్బిలి దూరము, మోసికొనిపోవుట కష్టము. “బాగుచేయించి ఏమి లాభము, వాయించువారెవ్వరు?” అని పెద్దలు అందురు. “వాయింతుమన్న పలుకదు కదా” అని పిల్లలు అందురు. రెండు మాటలును నిజమే. ఒకటి ఇంకొకదానికి కారణమగుచున్నది. చేయువారి వైపునను ఇట్టి చిక్కే కలదు. బొబ్బిలిలో సన్మానములకును బహుమానములకును చేయు చిన్న వీణలకు గిరాకి కలదు. వానికి మెట్లుండును, తీగలుండును; స్వరముండదు. వానివలన పనివాని ఇంట పొయ్యి వెలుగుచున్నది గనుక వానిని నిందింపరాదు. కాని మేళము కట్టు చెవి బొమ్మవీణలతో పెరుగదు. “ఈ మెట్టు ఎక్కుచున్నది” అని తిరిగి వచ్చి చెప్పువాడున్నప్పుడే అది పెరుగును.

కావున మా విన్నపము స్వల్పము. పాత వీణ గల కుటుంబములు దానిని అలంకారముగా గాక వాద్యముగా ఎంచవలెను. ఒక్కొక్కరికి కష్టమైన పని పది ఇండ్లు కూడినచో సులభము. సంఘమువారు ఏటికొకసారి మేళము కట్టు పనివానిని దారిఖర్చులిచ్చి రప్పించి, ఆ నాలుగు దినములు అన్ని వీణలను ఒకచోట చేర్చినచో పని తీరును. కన్నడము మాటలాడు ఇరుగుపొరుగు వైణికులను పిలువ మరువరాదు. వారి వీణకును ఎండ ఒక్కటియే. పిల్లలను పనివాని ప్రక్కన కూర్చుండనిండు. గిటారు నేర్చుచున్న పిల్లవానిని గిటారుతోనే రమ్మనుడు. మెట్టు ఎందుకట్లున్నదో ఆతడు అడుగవలసిన ప్రశ్నలు మనకన్న ఎక్కువ. పనివాడు వీణ ముగించి వెడలునపుడు ఆతని పేరును, ఊరును, సంవత్సరమును ఒక చీటిపై వ్రాయించి వీణ పెట్టెలో నుంచుడు. ఈ వీణకు మేళము కట్టినవాడెవ్వడని రేపు అడుగువారికి మన సీమ సమాధానము చెప్పగలుగును.